బేస్ గిటార్ పీలగా మోగుతోందా? ప్రీయాంప్ సంగతి ఆఖరున చూద్దాం

హనుమకొండ, కాజీపేట చర్చి క్వయర్లలోనూ, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లోనూ, నిట్‌లో స్ప్రింగ్‌స్ప్రీ స్టేజీ ఎక్కే కాలేజీ బ్యాండ్లలోనూ బేస్ వాయించేవాళ్లది ఎప్పుడూ ఒకటే గోడు. గదిలో ఒంటరిగా వాయించుకున్నప్పుడు గుమ్మని నిండుగా మోగిన గిటార్, డోలక్, రిథమ్ ప్యాడ్, కీబోర్డు తోడయ్యేసరికి పీలగా అయిపోతుంది. వేళ్లు కదులుతుంటాయి, మోత మాత్రం ఎటో పోతుంది. వెంటనే అందరికీ తట్టే మందు యాక్టివ్ ప్రీయాంప్. అంటే గిటార్ లోపల ఓ చిన్న సర్క్యూట్ బోర్డు, 9 వోల్టుల బ్యాటరీ, చివరిదాకా తిప్పుకోగలిగే బేస్ నాబ్. నా లెక్కలో అది ఆఖరి మెట్టు. అంతకుముందు చేయదగ్గ పనులు చౌక. పైగా వాటిలో ఒకట్రెండు ఈ సమస్యకు ప్రీయాంప్ కన్నా బాగా పనిచేస్తాయి. ఎందుకో తెలియాలంటే మోతలోని నిండుదనం ఏ ఫ్రీక్వెన్సీల దగ్గర ఉంటుందో ముందు చూడాలి.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ పేరు ఈ (E). దాన్ని ఏ మెట్టూ (ఫ్రెట్) నొక్కకుండా మీటితే 41.2 హెర్ట్జ్. తర్వాత ఏ (A) తీగ 55, డీ 73.4, జీ 98. అయితే తీగ ఎప్పుడూ ఒక్క ఫ్రీక్వెన్సీలోనే ఊగదు. ఈ (E) తీగను మీటితే 41తో పాటు 82, 124, 165 హెర్ట్జ్‌లు, ఇంకా పైవి కూడా కలిసి వస్తాయి. చిన్న ప్రాక్టీస్ యాంప్‌లోని 8 అంగుళాల స్పీకర్ 41 హెర్ట్జ్‌ను సరిగ్గా పలికించనే పలికించదు. అయినా మనకు వినిపించేది ఈ (E) స్వరమే. పైనున్న హార్మోనిక్‌లను బట్టి అడుగు స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది.

కాబట్టి బేస్‌కు ఒళ్లొచ్చేది అట్టడుగున కాదు, సుమారు 80 నుంచి 400 హెర్ట్జ్ మధ్యలో. 40 దగ్గర ఎంత పెంచినా చిన్న స్పీకర్ కోన్ ముందుకీ వెనక్కీ ఊగడమే తప్ప వినేవాడికి పెద్దగా అందదు. పెద్ద ఫంక్షన్ హాల్లో దీనికి ఉల్టా జరుగుతుంది. టైల్స్ నేల, రేకుల కప్పు కలిసి ఆ అడుగు మోతను గదంతా తిప్పుతాయి. ఏ స్వరం వాయించినా ఒకే బుంయ్‌మనే చప్పుడుగా వినిపిస్తుంది. డోలక్ ఎడమ వైపు, కీబోర్డు ఎడమచేయి కూడా ఈ కింది భాగంలోనే కూర్చుంటాయి కాబట్టి, బేస్ వాటిని దాటుకుని రావాలంటే ఆ 80-400 పట్టీలో బలం ఉండాలి. పైనుండే టకటకలు కాస్త తగ్గాలి. చేయాల్సిన మార్పులన్నీ ఈ రెంటి కోసమే.

ఇక గిటార్ లోపలికి వెళ్దాం. బ్యాటరీ లేని మామూలు బేస్‌లో ఉండేవి పికప్, వాల్యూమ్ పాట్ (నాబ్ కింద తిరిగే రెసిస్టర్), టోన్ పాట్, ఒక కెపాసిటర్, కేబుల్ గుచ్చే జాక్. అంతే. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి ఎనామెల్ రాగి తీగ. స్టీలు తీగ దాని మీద ఊగితే కాయిల్‌లో కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది. పికప్ తర్వాత వచ్చే పాట్‌లు, కెపాసిటర్లు ఆ సిగ్నల్‌ను మలచగలవు తప్ప దానికి కొత్త బలం చేర్చలేవు. చెరువులో నీళ్లు లేనప్పుడు తూము ఎంత పెద్దది పెట్టినా పొలం తడవదు. పికప్ నుంచి రాని మోతను ఏ ఖరీదైన పాట్ కూడా తెచ్చిపెట్టదు. కానీ ఉన్నదాంట్లో దేన్ని ఆపాలి, దేన్ని వదలాలి అనేది మన చేతిలోనే ఉంది.

అది ఎలాగంటే, పికప్ కాయిల్‌కు ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది, గిటార్ నుంచి యాంప్‌కు వెళ్లే కేబుల్‌కు కెపాసిటెన్స్ (ఛార్జిని దాచుకునే గుణం) ఉంటుంది. ఈ రెండూ కలిస్తే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మోత ఉబుకుతుంది, దానిపైన ఉన్నదంతా తెగిపోతుంది. ఉదాహరణకు పికప్ 5 హెన్రీలు, కేబుల్ 700 పీకోఫారడ్లు అనుకుంటే ఆ ఉబుకు సుమారు 2,700 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. వేలి గీరు, మెట్ల మీద తీగ కొట్టుకునే టకటక వినిపించేది ఇక్కడే. టోన్ నాబ్‌ను పూర్తిగా మూసేస్తే కెపాసిటర్ నేరుగా పికప్‌కు అడ్డంగా చేరుతుంది. అది కేబుల్ కన్నా ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి ఉబుకు ఒక్కసారిగా కిందికి జారుతుంది. అదే పికప్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే సుమారు 225 హెర్ట్జ్‌కు, 0.047 అయితే 330కి, 0.022 అయితే 480కి వస్తుంది.

ఈ మూడు అంకెల్లోనే చాలా విషయం ఉంది. చాలా బేస్‌లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చేది 0.047. టోన్ మూస్తే మోత బురదగా అవుతోందనేవాళ్లు 0.022కి మారితే, నాబ్ పూర్తిగా మూసినా 300-500 మధ్య ఉండే గొంతు మిగులుతుంది. స్వరం స్పష్టంగా ఉంటూనే గీరు పోతుంది. పాత కాలపు డబ్‌డబ్ మోత కావాలనుకునేవాళ్లు 0.1 వైపు వెళ్లొచ్చు. ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లకు మాత్రం నేను 0.022నే చెప్తాను. పెద్ద కెపాసిటర్ ఎక్కువ బేస్ ఇస్తుందని చాలామంది నమ్ముతారు. అది బేస్‌ను పెంచదు, పైనున్నదాన్ని ఇంకా కింది నుంచే కోసేస్తుంది.

వస్తువు కొనడం కూడా సులువే. టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసే ఏ షాపులోనైనా 'అన్నా, టూ టూ త్రీ గ్రీన్ క్యాప్‌లున్నయా?' అని అడిగితే డబ్బాలోంచి తీసిస్తారు. ఆకుపచ్చ పాలిస్టర్ కెపాసిటర్ మీద 2ఏ223జె అని ఉందనుకోండి. 2ఏ అంటే 100 వోల్టులు తట్టుకుంటుందని అర్థం. 223 అంటే 22 తర్వాత మూడు సున్నాలు, అంటే 22,000 పీకోఫారడ్లు, అదే 0.022 మైక్రోఫారడ్. చివరి జె అంటే విలువలో తేడా 5 శాతం లోపే. అక్కడ కె ఉంటే 10 శాతం, ఎం ఉంటే 20 శాతం. అదే లెక్కన 473 అంటే 0.047, 104 అంటే 0.1. బిళ్లలా ఉండే సిరామిక్ రకాల్లో కొన్నిటికి విలువ బాగా అటూ ఇటూ పోతుంది కాబట్టి పాలిస్టరే తీసుకోండి. నూనెలో ముంచిన కాగితపు కెపాసిటర్ అంటూ వందలు, వేలు పెట్టి అమ్మేవి కూడా ఉంటాయి. విలువ ఒకటే అయితే స్టేజీ కింద కూర్చున్నవాడి చెవికి తేడా పట్టదు. టీ డబ్బులతో పోయేదానికి అంత ఖర్చు దండగ.

పాట్‌ల గురించి రెండు మాటలు చాలు. సింగిల్ కాయిల్ పికప్‌లున్న బేస్‌లకు సాధారణంగా 250 కే (కిలో ఓమ్‌ల) పాట్‌లు వాడతారు. 500 కే వేస్తే ఆ 2,700 దగ్గరి ఉబుకు ఇంకా ఎత్తుగా లేస్తుంది, మోత మెరుస్తుంది. మనకు కావాల్సింది అది కాదు కనుక 250 కేనే ఉంచాలి. గరగరమంటేనో, నాబ్ వదులైతేనో మార్చుకోవచ్చు గానీ, మోత కోసం పాట్ మార్చడంలో లాభం లేదు. మామూలు రేడియో షాపుల్లో ఈ విలువ దొరకడం కొంచెం కష్టమే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లే పని పడితే అప్పుడే చూసుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద తేడా వచ్చేది రెండు పికప్‌లున్న జాజ్ బేస్ రకం గిటార్లలో. ఫెండర్ కంపెనీ 1960లో తెచ్చిన ఈ నమూనాకు నకళ్లు మన ఊళ్లలో బోలెడు. ఇందులో రెండు పికప్‌లు ప్యారలల్‌లో (పక్కపక్కన) కలుస్తాయి. ఒకటి మెడకు దగ్గర, ఇంకొకటి కింద తీగలు ఆనే బ్రిడ్జికి దగ్గర. తీగ ఊగులో రెండు వేర్వేరు చోట్ల నుంచి తీసుకున్న సిగ్నల్స్ కలిసేసరికి మధ్యలో కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సోలో వాయించేటప్పుడు ఆ శుభ్రమైన మోత ముద్దొస్తుంది. బ్యాండ్‌లో మాత్రం ఆ ఖాళీలోకి కీబోర్డు దూరిపోతుంది.

అదే సంస్థ ప్రెసిషన్ బేస్ 1951లోనే వచ్చింది. 1957 నుంచి దాని పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఆ రెంటినీ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపారు. తీగ మోతను ఒకే ప్రాంతంలో పట్టుకుంటుంది కాబట్టి కొట్టేసుకునే గొడవ లేదు. ప్రెసిషన్ మోత గుంపులో తప్పిపోదని పేరు రావడానికి ఇదొక పెద్ద కారణం.

జాజ్ బేస్‌లోని రెండు పికప్‌లను కూడా సిరీస్‌లో కలపొచ్చు. ఒక పికప్ సిగ్నల్ వైరును నేరుగా జాక్ వైపు పంపకుండా రెండో పికప్ ఎర్త్ వైరుకు ఇవ్వాలి. అంటే మొదటి కాయిల్ అయ్యాక రెండో కాయిల్ మొదలవుతుందన్నమాట. దీనివల్ల మూడు జరుగుతాయి. వోల్టేజీలు కూడుతాయి కాబట్టి మోత దాదాపు 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. రెండు కాయిళ్లూ ఒకేలాంటివైతే ఇండక్టెన్స్ ప్యారలల్‌లో ఉన్నదానికి 4 రెట్లవుతుంది కాబట్టి ఉబుకు ఉండే ఫ్రీక్వెన్సీ సగానికి పడిపోతుంది. అంటే పైన టకటక తగ్గి, మధ్యలో కండ పెరుగుతుంది. ఇక యాంప్‌కు బలమైన సిగ్నల్ అందడంతో కొంచెం గరుకుదనం కూడా కలుస్తుంది. ఇదంతా బ్యాటరీ లేకుండానే.

చేతిపని కూడా ఎక్కువేం లేదు. పైకి లాగితే స్విచ్‌లా పనిచేసే పుష్-పుల్ పాట్ ఒకటి కొని, పాత టోన్ పాట్ స్థానంలో పెట్టాలి. చెక్క తొలవక్కర్లేదు, పైన కొత్త రంధ్రం పడదు. కింద ఉంటే పాత మోత, లాగితే సిరీస్. రెండు విషయాలు మాత్రం గమనించండి. లాగినప్పుడు వైరింగ్‌ను బట్టి ఒక వాల్యూమ్ నాబ్ రెంటికీ మాస్టర్‌గా మారి, రెండోది పనిచేయనట్టు అనిపించొచ్చు. అది రిపేరు కాదు, ఆ వైరింగ్ తీరే అంత. రెండోది, సిరీస్‌లో మోత లావెక్కాల్సింది పోయి ముక్కుతో పలికినట్టు పీలగా వస్తే రెండు పికప్‌లు ఎదురెదురు ఫేజ్‌లో ఉన్నట్టు, అంటే ఒకదాని సిగ్నల్ పైకి లేస్తుంటే ఇంకొకదానిది కిందికి దిగుతున్నట్టు. ఒకదాని రెండు వైర్లూ తారుమారు చేస్తే సరిపోతుంది.

సోల్డర్ చేసే ముందే ఇది తెలుసుకోవాలంటే పాత ముల్లు మీటర్ అయితే సులువు. డిజిటల్‌దానిలో గమనించడం కష్టం. అన్నిటికన్నా చిన్న డీసీ రేంజిలో పెట్టి, పికప్ రెండు వైర్లకు తగిలించి, స్టీలు స్క్రూడ్రైవర్‌ను అయస్కాంతం మీద ఆనించి చటుక్కున లాగేయాలి. ముల్లు ఒక వైపు తుళ్లుతుంది. మీటర్ తీగలను అదే వరసలో పెట్టి రెండో పికప్‌కూ అలాగే చేయాలి. రెండింట్లోనూ ముల్లు ఒకే వైపు తుళ్లితే ఫేజ్ కుదిరినట్టే.

సోల్డరింగ్‌లో చాలామంది చిక్కుకునేది పాట్ వీపు దగ్గర. ఎర్త్ వైర్లన్నీ అక్కడే అతుకుతాయి. ఆ రేకు వేడిని లాగేసుకుంటుంది కాబట్టి 25 వాట్ల ఐరన్‌తో సోల్డర్ ఉండకట్టి కూర్చుంటుంది, గట్టిగా లాగితే ఊడొస్తుంది. ముందు గరుకు కాగితంతో రేకును రుద్ది, ఫ్లక్స్ రాసి, 40 నుంచి 60 వాట్ల ఐరన్‌తో రెండు మూడు సెకన్లలో పని ముగించాలి. చిన్న ఐరన్‌ను నిమిషం సేపు నొక్కిపెడితే పాట్ లోపలి కార్బన్ పట్టీ కాలిపోతుంది.

ఇక పికప్‌లు. ఇది ఖర్చుతో కూడుకున్న మెట్టు. వెంటనే ఎక్కకూడదు కూడా. ముందు ఉన్న పికప్ ఎత్తు చూడండి. పక్క స్క్రూలు తిప్పి, తీగను చివరి మెట్టు దగ్గర నొక్కిపెట్టి, తీగకూ పికప్‌కూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు ఉండేలా మొదలుపెడితే చాలాసార్లు మోత అక్కడే మారిపోతుంది. మరీ దగ్గరకు తెస్తే అయస్కాంతం తీగను లాగి స్వరం వంకర పోతుంది. తీగల విషయమూ అంతే. పైన నునుపుగా చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు వేస్తే పైనుండే టకటక సగం తీగలోనే ఆగిపోతుంది.

అయినా సరిపోక కొత్త పికప్ కొనేటప్పుడు అందరూ చూసేది కిలో ఓమ్‌ల అంకె. 11 ఉన్నది 10 కన్నా గొప్పదనుకుంటారు. ఆ అంకె చెప్పేది రాగి తీగ నిరోధం మాత్రమే. తీగ సన్నమైతే చుట్లు పెరగకపోయినా అది పెరుగుతుంది, అయస్కాంతం గురించి ఏమీ చెప్పదు. పైగా వేడికి రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల చలిగదిలో 10.5 చూపిన పికప్, మే నెలలో వరంగల్ మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 11.3 చూపిస్తుంది. మోత మాత్రం అదే. నిండుదనం కోసం చూడాల్సింది ఇండక్టెన్స్. అమ్మేవాళ్లు అది రాయకపోతే కనీసం కాయిల్ రకమైనా చూడాలి. జాజ్ సైజులోనే రెండు కాయిళ్లున్న హమ్‌బకర్ రకాలు దొరుకుతాయి. సిరీస్ వైరింగ్‌లోని గుణం చాలావరకు వాటిలోనూ ఉంటుంది, పైగా హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే చప్పుడు) పోతుంది.

హమ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మోత పెంచితే దానితో పాటు ఇదీ పెరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఈ (E) తీగ మూడో మెట్టు మీది జీ స్వరం 49. అంటే కరెంటు హమ్ సరిగ్గా మన స్వరాల మధ్యకు వచ్చి కూర్చుంటుంది, ఈక్వలైజర్‌తో దాన్ని కోస్తే స్వరమూ పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి అయస్కాంత హమ్‌ను ఆపేది హమ్‌బకర్ పికప్, లేదా జాజ్ బేస్‌లో రెండు వాల్యూమ్‌లూ సమానంగా తెరిచి ఉంచడం. ఆ రెండు కాయిళ్లు ఎదురు చుట్టువైతేనే ఇది పనిచేస్తుంది. డెకరేషన్ లైట్ల డిమ్మర్ల నుంచి వచ్చే జుయ్‌మనే చప్పుడుకు మాత్రం గిటార్‌లో వైర్లుండే గుంత లోపల రాగి టేపు అంటించడం పనిచేస్తుంది. టేపు ముక్కలన్నీ ఒకదానికొకటి తగులుతూ, చివరకు ఎర్త్‌కు కలిసి ఉండాలి. కలపని టేపు వల్ల ప్రయోజనం లేదు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. గిటార్ బ్రిడ్జికి ఎర్త్ వైరు ఉంటుంది కాబట్టి తీగలు, యాంప్ డబ్బా, గోడ బోర్డులోని ఎర్త్ పిన్ అన్నీ ఒకే లైను. ఫంక్షన్ హాళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ కలపనివి ఎన్నో. అలాంటప్పుడు యాంప్‌లో లీకేజీ ఉంటే తీగల మీద చెయ్యి పెట్టి మైక్‌కు పెదవి తాకించగానే చురుక్కుమంటుంది. ఒక్కోసారి అంతటితో ఆగదు. హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ పీకేసే సలహా ఎవరిచ్చినా వినకండి. చిన్న సాకెట్ టెస్టర్‌తో చూసి, ఎర్త్ లేదని తేలితే సౌండ్ అన్నను అడిగి ఎర్త్ ఉన్న వేరే లైను తీసుకోవడమే మంచిది.

ఇప్పుడు ప్రీయాంప్. అది చెడ్డ వస్తువేం కాదు. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే దగ్గర నుంచి బేస్‌ల లోపల బ్యాటరీ సర్క్యూట్ మామూలైంది. దానితో పొడవాటి కేబుల్ మోతను తినేయదు, స్టేజీ మీదే సవరించుకోవచ్చు. కానీ దాని బేస్ నాబ్‌ను 12 డెసిబెల్స్ పెంచితే ఆ ఫ్రీక్వెన్సీల దగ్గర యాంప్ ఇవ్వాల్సిన పవర్ సుమారు 16 రెట్లు. 5 వాట్లతో హాయిగా నడుస్తున్న చోట 80 కావాలన్నమాట. చిన్న యాంప్ అక్కడే పగిలిన గొంతుతో అరుస్తుంది. అందుకే కొంటే మిడ్ నాబ్ కూడా ఉన్న మూడు బ్యాండ్ల రకం కొనండి. బేస్ నాబ్‌ను మధ్యలోనే వదిలి, 250-400 ప్రాంతంలో మిడ్‌ను కొద్దిగా పెంచితే స్టేజీ మీద మోత ముందుకు వస్తుంది.

గిటార్ చెక్క తొలిచి బ్యాటరీకి గది చేయడం ఇష్టం లేకపోతే అదే పని బయట పెట్టుకునే ప్రీయాంప్ డీఐ (డైరెక్ట్ ఇన్‌పుట్) పెడల్ చేస్తుంది. నాకైతే అదే నచ్చుతుంది. గిటార్ మారినా పెడల్ మన దగ్గరే ఉంటుంది, పైగా దాని నుంచి సౌండ్ మిక్సర్‌కు నేరుగా లైను ఇవ్వొచ్చు.

లోపలే వేయిస్తే జాక్ సంగతి మరిచిపోవద్దు. యాక్టివ్ బేస్‌లకు స్టీరియో జాక్ ఉంటుంది. కేబుల్ గుచ్చగానే బ్యాటరీ నెగెటివ్ ఎర్త్‌కు కలిసి సర్క్యూట్ ఆన్ అవుతుంది. కేబుల్ గుచ్చి వదిలేస్తే రాత్రంతా ఖర్చవుతూనే ఉంటుంది. 500 మిల్లీయాంప్ అవర్ల ఆల్కలైన్ బ్యాటరీ, 1 మిల్లీయాంప్ లాగే సర్క్యూట్‌కు దాదాపు 500 గంటలు వస్తుంది. కిరాణా కొట్లో దొరికే చౌక కార్బన్ బ్యాటరీ అంతకాలం రాదు, పైగా కారితే బోర్డును తినేస్తుంది. రెండు బ్యాటరీలు కలిపి 18 వోల్టులు ఇస్తే గట్టిగా మీటినప్పుడు మోత పగలదంటారు, అది నిజమే. కానీ బోర్డుతో వచ్చిన కాగితంలో 18 వోల్టులు తట్టుకుంటుందని రాసి ఉంటేనే రెండోది కలపండి.